ఇద్దరూ ఒక్కరేనా

కొత్త ఫోను పెట్టె తెరిచేటప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడను. మూత పట్టుకుని పైకి లాగితే కింది భాగం నెమ్మదిగా జారుతూ దిగుతుంది. ఆ జారే కాసేపు ఇంట్లో ఎవరు పిలిచినా నాకు వినపడదు. నా భార్య దీనికి "బావ పూజ" అని పేరు పెట్టింది. ఎక్కిరించడానికే పెట్టిందిగాని, నాకు ఆ మాట బాగానే ఉండేది.

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగం నాది. ఆ రోజుల్లో, అంటే అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, మా స్టాఫ్‌రూములో ఎవరు ఫోను కొనాలన్నా నన్ను అడక్కుండా కొనేవారు కాదు. అడక్కపోయినా నేను చెప్పేవాణ్ణి. ర్యామ్ ఎంత, బ్యాటరీ సాయంత్రం దాకా ఆగుతుందా, నీడలో ఫొటో తీస్తే మొహం మసగ్గా వస్తుందా రాదా, ఇవన్నీ చెప్పాకే వదిలేవాణ్ణి. అప్‌డేట్ వచ్చిందని ఫోను చెబితే "తర్వాత" అని నొక్కి పడేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఎక్కడో ఎవరో కూర్చుని మన ఫోను బాగుపడాలని ఏదో తయారుచేసి పంపితే, దాన్ని గుమ్మంలో నిలబెట్టి పంపేస్తారా అని తగువు పెట్టుకునేవాణ్ణి.

ఇంట్లో మేం నలుగురం. నేను, నా భార్య, మా పాప, మా అత్త. అత్త అంటే నాకు పిల్లనిచ్చిన అత్తే, మా నాన్న చెల్లెలు కూడా. మావయ్య పోయాక శ్రీముఖలింగం అవతల ఉన్న పొలం కౌలుకిచ్చేసి మా దగ్గరికి వచ్చేసింది. మేనల్లుడిని కాబట్టి అల్లుడి మర్యాదలేవీ నాకు దక్కలేదు. కొత్త ఫోను తెచ్చిన ప్రతిసారీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పాతది బానే ఉన్నాది కదరా, దానికేటి రోగం?" అనేది. రోగం లేదని, ఇది ఇంకా బాగుంటుందని నేను చెప్పేవాణ్ణి. "ఇదీ అదీ ఒకేలా ఉన్నాయి. నీకే ఏరేగా కనిపిస్తన్నాయి" అనేది.

అత్త వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె తెచ్చుకుంది, ఒక ఫొటో తెచ్చుకుంది. ఆ ఫొటో ఆమె పెద్ద కూతురిది. నా భార్య పుట్టకముందే, ఎనిమిదో ఏట జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్లకి తీయించిన ఫొటో అదొక్కటే. నరసన్నపేటలో స్టూడియోలో తీసింది. కుర్చీలో కూర్చుని ఉంటుంది, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టి, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, నవ్వకుండా నేరుగా మనకేసి చూస్తూ. అత్త దాన్ని మా హాల్లో గోడకి తగిలించింది. రోజూ స్నానం చేసి వచ్చి అద్దంమీద బొట్టు పెట్టేది.

పెద్దపండగకి మావైపు పోయినవాళ్ళకి బట్టలు పెడతాం. వాళ్ళ ఫొటోల ముందు కొత్తబట్టలు, వండినవి అన్నీ పెట్టి, సాంబ్రాణి వేసి, తర్వాత ఆ బట్టలు ఇంట్లో ఎవరో ఒకరు కట్టుకుంటారు. మావయ్యకి పంచె పెట్టేవాళ్ళం. పోయిన పిల్లకి అత్త ప్రతి ఏడూ ఒక గౌను పెట్టేది. ఎన్నేళ్ళయినా అదే కొలత, ఎనిమిదేళ్ళ పిల్లకి సరిపోయేది. ఆ గౌన్లు ఒకప్పుడు నా భార్యే వేసుకునేదట. "ఎనిమిదేళ్ళు నిండినంతవరకు నాకు పండక్కి నా గౌనని ఒకటి లేదు బావా. దానికి పెట్టినవే నానేసుకున్నాను" అని ఒకసారి చెప్పింది. కోపంగా చెప్పలేదు, కూర తరుగుతూ చెప్పింది.

నేను మొదటి ట్యాబ్ కొన్నాక ఇంట్లో ఉన్న పాత ఫొటోలన్నీ దాన్లోకి ఎక్కించాను. పెళ్ళి ఆల్బం, మా నాన్న సర్వీసు ఫొటోలు, అన్నీ. గోడమీది ఫొటోని కూడా దించి, అద్దం తీసి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి తీశాను. మరకలు తుడిచే యాప్ ఒకటి ఉంటే దాంతో మొహంమీద ఫంగస్ చుక్కలు పోగొట్టాను. చాలా బాగా వచ్చింది. స్క్రీన్‌మీద పెద్దదిగా చేసి చూపిస్తే అత్త ఆ కళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. "ఇంత దగ్గరగా ఎప్పుడూ సూడలేదురా" అంది. నాకు గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఫొటోల యాప్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చింది. మొహాలు గుర్తుపట్టి, ఒక మనిషివన్నీ ఒకచోట చేరుస్తుందన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాను. పక్కనే అత్త, ఆమె ఒళ్ళో పాప. పాపకి అప్పటికి నాలుగేళ్ళు. వరసగా గుండ్రాల్లో మొహాలు వచ్చాయి. నావి, నా భార్యవి, మా నాన్నవి. మా నాన్న ముప్పై ఏళ్ళప్పటివీ అరవై ఏళ్ళప్పటివీ ఒకటే గుండ్రంలో పెట్టింది. నేను పెద్దగా నవ్వి మెచ్చుకున్నాను. అప్పుడు అది ఒక ప్రశ్న అడిగింది. రెండు మొహాలు పక్కపక్కన పెట్టి, కింద ఇంగ్లీషులో, ఈ ఇద్దరూ ఒక్కరేనా, వేర్వేరా అని. ఎడమపక్క నలుపుతెలుపుల్లో రెండు జడల పిల్ల. కుడిపక్క మా పాప.

నా నవ్వు ఆగిపోయింది. అత్తకి చదవడం రాదు, కాని మొహాలు చూసింది.

"ఏటిరా అది అడుగుతన్నాది?"

"ఇద్దరూ ఒకరేనా అని అడుగుతన్నాది అత్తా. దానికి తెలీదు. పోలికుంటే ఇలాగే అడుగుతాది."

"తెలీక అడగదురా. మనకి తెలుసో లేదో అని అడుగుతన్నాది." పాపని ఒళ్ళోంచి కిందికి దించకుండానే ముందుకి వంగింది. "అవునన్నది ఎక్కడ నొక్కాల?"

నేను చెప్పేలోపే ఆమె వేలు స్క్రీన్‌మీద పడింది. సరైన చోటే పడింది. రెండు గుండ్రాలూ ఒకదాన్లోకి ఒకటి జారి కలిసిపోయాయి. కింద పేరు రాయమంది. అత్త తన పెద్ద కూతురి పేరు చెప్పింది. నేను రాయలేదు, తర్వాత చూద్దాంలే అన్నాను. మర్నాటికి ఆ పేరు అక్కడ ఉంది. నేను కాలేజీకి వెళ్ళి వచ్చేలోపు పక్కింటి ఇంటర్ పిల్లని పిలిచి రాయించుకుంది.

అప్పటినుంచి అత్త రోజూ ట్యాబ్ అడిగేది. ఆ గుండ్రం నొక్కితే మొదట కుర్చీలో కూర్చున్న పిల్ల వస్తుంది. వేలితో పక్కకి జరిపితే రంగుల్లో మా పాప, ఉయ్యాల్లో, అరసవల్లిలో గుండు చేయించినప్పుడు, స్కూలు మొదటిరోజు. వరసగా ఒకే పిల్ల పెరుగుతున్నట్టే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఒక్క ఫొటో చూస్తూ గడిపిన మనిషికి ఒక్కసారిగా వందల ఫొటోలు దొరికాయి. అత్త వాటిని చూస్తున్నప్పుడు ఆమె మొహం చూస్తే నాకు కాదనడానికి నోరొచ్చేది కాదు.

వారం తిరక్కుండా గోడమీది ఫొటో కనపడలేదు. బొట్టు శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేసిందట. ఎందుకు తీసేశావత్తా అంటే, "బతికున్న పిల్లకి బొట్టుపెట్టి గోడకి తగిలిస్తారేటిరా" అంది. ఆ ఏడు పెద్దపండక్కి మావయ్య పంచె ఒక్కటే పెట్టింది. గౌను కూడా కొంది, కాని సాంబ్రాణి దగ్గర పెట్టకుండా నేరుగా పాపకి తొడిగింది. పాపకి అది కాళ్ళదాకా వచ్చింది. "పెరుగుతాదిలే" అంది అత్త.

మా పాపకి ఇదంతా బాగానే ఉంది. అంత ముద్దు చేస్తుంటే వద్దనే పిల్లలు ఎక్కడుంటారు. అంతకుముందు "ఒసే గుంటా" అని పిలిచే అమ్మమ్మ ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలుస్తుంది, ఒళ్ళోంచి దింపదు, వేడన్నంలో నెయ్యి వేసి కలిపి ముద్దలు పెడుతుంది. పాప ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది. మేం పెట్టిన పేరుతో నా భార్య వంటింట్లోంచి పిలిస్తే పలికేది కాదు. ఆ పేరుతో అత్త పిలిస్తే పెరట్లోంచి పరిగెత్తుకొచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ పాప అంది, "అమ్మమ్మా, అప్పుడు నాకు జరమొచ్చినప్పుడు తాత నన్ను బండిమీద తీసుకెళ్ళినాడు కదా."

"అవునమ్మా" అంది అత్త, ముద్ద కలుపుతూ. "గొడ్లు ఎంత అదిలించినా నడవలేదు."

"నాకు సలేసినాది."

"ఏస్తాది మరి. ఏటిగాలి కదా."

ఇద్దరూ నిన్న జరిగినదాని గురించి మాట్లాడుకుంటున్నట్టే మాట్లాడుకున్నారు. అమ్మమ్మ చెప్పిన కథే పాప తిరిగి చెబుతోందని నాకు తెలుసు. చలి సంగతి నువ్వు చెప్పావా అని తర్వాత అత్తని అడిగాను. "నానెందుకు సెప్తాను? సలేసినాదని నాకేటి తెలుసు? దానికప్పటికే మాట పోనాది" అంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కింద కూర్చున్న నాకు నిజంగా భయం వేసింది.

నా భార్యకి భయం కాదు, కోపం వచ్చింది. అంతకుముందు ఎన్నడూ అంత కోపం చూడలేదు. "నాను పుట్టినప్పుడు కూడా అదే తిరిగొచ్చిందేమోనని అమ్మ నా ఒళ్ళంతా వెతికినాదట. దాని పోలిక రాలేదని వదిలీసినాది. పెళ్ళయినంతవరకు నా మొహంకేసి సూసి నిట్టూర్చడమే. ఇప్పుడు నా కూతుర్ని కూడా దానికిచ్చీమంటావా? నీ ట్యాబే కదా ఇదంతా సేసినాది, నువ్వే ఇడదియ్యి. నా పిల్ల నా పిల్లే, నా పిల్లగానే పెరగాల."

విడదీయడం నాకు చిటికెలో పని. పాత ఫొటోని ఆ గుండ్రంలోంచి తీసేశాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడోనాడు యాప్ మళ్ళీ అడిగింది, ఇద్దరూ ఒక్కరేనా అని. ఆ సమయానికి ట్యాబ్ అత్త చేతిలో ఉంది. ఈసారి ఆమెకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. నేను కొత్త ఫోను కొన్నాను. నా ఖాతాతో తెరవగానే, ఇంకా ఒక్క ఫొటో కూడా తీయని ఆ ఫోనులో మొదట వచ్చిన మొహం కుర్చీలో పిల్లదే, ఆ పేరుతో. మరో ఏడాది ఇంకో ఫోను. అందులోనూ అంతే. ఒకసారి స్టాఫ్‌రూములో నలుగురికీ కొత్త ఫోను చూపిస్తుంటే "అప్పుడు, ఇప్పుడు" అని అది తనంతట తానే ఒక వీడియో తయారుచేసి పెట్టింది. పియానో మోగుతుండగా నలుపుతెలుపు పిల్ల మొహం మెల్లగా రంగు తేలి మా పాప మొహం అయింది. ఎంత బాగుందో అన్నారు అందరూ. నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను. పెట్టె తెరిచినప్పటి సంతోషం అప్పటికే పోయింది.

పాపకి ఎనిమిదో ఏడు వచ్చింది. ఆ ఏడంతా అత్త మనిషి మనిషిలా లేదు. పాప తుమ్మితే నుదురు తాకి చూసేది. నిజంగానే వానలప్పుడు జ్వరం వచ్చింది, మామూలు వైరల్ జ్వరమే. డాక్టరు మాత్రలిచ్చి పంపేశాడు. అత్త మాత్రం తిండి మానేసి మంచం దగ్గరే కూర్చుంది. నా భార్య కూడా కదలకుండా రెండోపక్క కూర్చుంది. తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఇద్దరూ ఒకే పిల్లకోసం కూర్చున్నారో, వేర్వేరు పిల్లలకోసం కూర్చున్నారో నాకైతే తెలీలేదు. జ్వరం తగ్గి పాప ఇడ్లీ అడిగినప్పుడు అత్త వీధిలోకి వెళ్ళి కనిపించినవాళ్ళందరికీ చెప్పింది, "దాటీసినాది, ఈపాలి దాటీసినాది" అని.

తొమ్మిదో ఏట పాప ఒక్కసారిగా పొడుగైంది. పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు వచ్చాయి, బుగ్గలు తగ్గి దవడ మా నాన్న దవడలా తేలింది. ఆ రోజుల్లోనే యాప్‌కి మళ్ళీ పెద్ద అప్‌డేట్ వచ్చింది. మొహాలు గుర్తుపట్టే పద్ధతి పూర్తిగా మార్చామని, ఇకనుంచి పొరపాట్లు బాగా తగ్గుతాయని రాశారు. రాత్రి ఛార్జింగుకి పెట్టి వదిలేశాను, పొద్దున్నకి దానంతటదే ఎక్కేసింది. ల్యాబు పనిమీద ఎచ్చెర్ల యూనివర్సిటీకి వెళ్ళాల్సిన రోజు అది. చొక్కా వేసుకుంటుంటే అత్త పిలిచింది. ఆ గొంతులో ఏదో ఉంది, బొత్తాలు పెట్టుకోకుండానే వెళ్ళాను.

ట్యాబ్‌లో పాప గుండ్రం పాపదే అయింది. మేం పెట్టిన పేరు కూడా అదే తీసుకుంది, స్కూలు ఐడీకార్డు ఫొటోలోంచి చదివిందో ఏమో. అన్నిటికంటే అడుగున కొత్త గుండ్రం ఒకటి ఉంది, అందులో ఒక్కటే ఫొటో. దాని కింద పేరు లేదు. ఎవరో చెప్పండి అని ఉంది.

"ఇదేటిరా" అంది అత్త. "ఇది ఒక్కర్తీ ఇక్కడున్నాదేటి?"

"అప్‌డేట్ అత్తా. ఇప్పుడు సరిగ్గా గుర్తుపడతన్నాది."

"మరి ఇన్నాళ్ళు?"

నేను చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

"ఇన్నాళ్ళు తప్పు సెప్పినాదా, ఇప్పుడు తప్పు సెప్తన్నాదా? నీకు తెలుస్తాది కదా. సెప్పు."

ఏ ఫోను గురించి ఎవరేం అడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఆరోజు ఆమె కళ్ళకేసి చూసి ఏదీ చెప్పలేకపోయాను. చెప్పకపోవడంతోనే ఆమెకి అర్థమైపోయింది. ట్యాబ్ మంచంమీద బోర్లా పెట్టింది. "ఐతే అది రాలేదు" అంది. తర్వాత, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు, "ఇన్నేళ్ళు దానికి బట్టల్లేవు. కూడు పెట్టలేదు. ఎవుల్ని అడుగుతాది అది" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఫొటో గోడకి ఉంది, అద్దంమీద తడిబొట్టుతో. పండగ ఎక్కడో ఉంది, అయినా కింద పీటమీద గౌన్లు మడతలు పెట్టి ఉన్నాయి, పెట్టని ప్రతి ఏటికీ ఒకటి చొప్పున, అన్నీ అదే కొలత. నా భార్యే బజారుకి వెళ్ళి తెచ్చిందట. సాంబ్రాణి పొగలో తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పాప స్కూలునుంచి వచ్చి, బ్యాగు పడేసి, ఎప్పటిలాగే అమ్మమ్మ ఒళ్ళోకి వెళ్ళబోయింది. అత్త దాన్ని ఆపి, మేం పెట్టిన పేరుతో పిలిచింది. పుట్టాక అదే మొదటిసారి. "కాళ్ళు కడుక్కుని రా తల్లీ" అంది. మెత్తగానే అంది. వీధిలో పిల్లలతో అలాగే మాట్లాడుతుంది.

నా భార్య నాకేసి చూసింది. ఐదేళ్ళుగా ఆమె అడిగింది అదే. ఆమె మొహంలో సంతోషం కనిపించింది, ఆ వెంటనే పాపకేసి చూసింది, సంతోషం లేదు. పాప గడపలోనే నిలబడి ఉంది.

"అమ్మమ్మా, నానే" అంది.

అత్త గౌను మడత సరిచేస్తూ ఉండిపోయింది.

మర్నాడు సెలవు. పాప పొద్దున్నే దువ్వెన పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి రెండు జడలు వెయ్యమందట. జడలు మడిచి, రిబ్బన్లు తానే వెతుక్కుని కట్టించుకుంది. హాల్లోకి కుర్చీ లాక్కొచ్చి గోడవారగా వేసుకుంది. కూర్చుని, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని నన్ను పిలిచింది. ఫొటో తియ్యమంది. తీశాను. దిగి వచ్చి ట్యాబ్ లాక్కుని, వంగి, అది అడుగుతుందేమోనని చూసింది. గిరగిరా తిరిగిన చుక్క ఆగిపోయింది. ఫొటో వెళ్ళి పాప గుండ్రంలోనే, పాప పేరు కిందే పడింది. అది ఏమీ అడగలేదు.

పాప మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. జడలు ముందుకి వేసుకుంది. వంటింటి గుమ్మంలో నా భార్య చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"ఇంకోటి తియ్యి నాన్నా" అంది పాప. "ఈపాలి నవ్వను."